ఎర్ర కొమ్ముచెంబు

దాన్ని మొదట చూసింది నాయనే. బండి నడుపుతున్నది నేను, డ్యాష్‌బోర్డు ఉన్నది నా ముందు. అయినా పక్క సీట్లోంచి మెడ సాచి, "పాపా, ఆ ఎర్రది ఏంది? కొమ్ముచెంబు మాదిరి ఉండాది," అన్నాడు. ఉదయగిరి కొండ అద్దంలో ఇంకా కనిపిస్తూనే ఉంది. చూస్తే నిజమే. స్పీడు ముల్లు కింద చిన్న ఎర్ర బొమ్మ, కొమ్ములోంచి ఒక చుక్క జారుతున్నట్టు. అది ఇంజన్ ఆయిల్ ప్రెషర్ దీపమని, వెలిగితే బండి పక్కకు తీసి ఆపెయ్యాలని నాకు తెలుసు. ఆపేశాను.

ఆ రోజు గురువారం. నెలలో ఒక గురువారం మాకు నెల్లూరు ప్రయాణం ఉంటుంది. నాయనకు ఎడమకన్ను ఏనాడో పోయింది. మిగిలింది కుడికన్ను. దాని వెనక పొరలో నీరు చేరుతోందని, నెలకోసారి కంట్లోకే ఇంజక్షన్ వెయ్యాలని నెల్లూరు డాక్టరు చెప్పాడు. ఆయన ఆ సూదులు వేసేది గురువారాలే. మొదటిసారి వెళ్ళినప్పుడే నన్ను పక్కకు పిలిచి, "టైముకు తీసుకురండమ్మా. ఆలస్యమైతే పోయిన చూపు మళ్ళీ రాదు. ఉన్నదాన్ని కాపాడుకోవడమే మన పని," అన్నాడు. ఆ మాట అప్పటినుంచి నా నెత్తి మీదే కూచుని ఉంది. బళ్ళో పరీక్షలున్నా, దగ్గరివాళ్ళింట్లో పెళ్ళి ఉన్నా, ఆ గురువారం మాత్రం నేను ఎవరికీ దొరకను.

నాయన జీవాలు మేపిన మనిషి. దుత్తలూరు అవతలి మెట్టపొలాల్లో గొర్రెల మంద వెంట సగం ఆయుష్షు గడిపాడు. అమ్మ పోయాక మంద అమ్మేసి ఉదయగిరిలో నా దగ్గరికి వచ్చాడు. మంద పోయిందిగానీ మంద బుద్ధి పోలేదు. ఆయన లెక్కలో ముందు నడిచే పొట్టేలు ఆగి వెనక్కి తిరిగిందంటే ఆ పూట ఇంక మంద కదలదు. దొడ్లో మేత లేకపోనీ, ఎండ తక్కువగా ఉండనీ, వెనక్కి దొడ్డికి తోలెయ్యాల్సిందే. ఇప్పుడు ఆ పొట్టేలు స్థానంలో నా కారు ఉంది.

"వెనక్కి తిప్పు పాపా," అన్నాడు.

"బండి ఇక్కడే పెట్టి, ఇంకో కారు పిలిపిస్తాను. అందులో పోదాం."

"ఎర్రది ఎలిగినాక పోయేదేంది? బండి వద్దంటా ఉండాది. వచ్చే వారం పోదాంలే."

"వద్దంటున్నది బండి కాదు నాయనా, నువ్వు."

"నేనేమన్నా? అనింది బండే గదా."

కంట్లో సూది అంటే ఆయనకు భయం. ఆ మాట చచ్చినా ఒప్పుకోడు. తోడేలు వచ్చిందంటే కర్ర పట్టుకుని చీకట్లోకి పరిగెత్తిన మనిషిని అని కథలు చెప్తాడు, కానీ అంతకుముందు నెల ఆస్పత్రి బెంచీ మీద నా ముంజేతిని ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే గోళ్ళ గుర్తులు ఇంటికొచ్చేదాకా పోలేదు. కాబట్టి ఎర్రదీపం ఆయనకు దేవుడిచ్చిన వరంలా కనిపించిందని నేను అనుకున్నాను. కోపమూ వచ్చింది, జాలీ వేసింది. ఎక్కువగా వచ్చింది మాత్రం కోపమే.

ఉదయగిరి మెకానిక్ బైకు మీద వచ్చాడు. బానెట్ ఎత్తి, ఆయిల్ చూసే పుల్ల తీసి, తుడిచి, మళ్ళీ ముంచి తీసి, ఎండకు పట్టి చూశాడు.

"ఆయిల్ తగ్గినట్టుండాది మేడమ్."

"పైగీత దాకా ఉంది కదా."

"ఉండాది. అయినా కొంచెం పోస్తే మంచిది."

పోశాడు. దీపం ఆరలేదు. ఆ దోవన పోతున్న లారీ డ్రైవరొకాయన పని కట్టుకుని దిగివచ్చి, బొమ్మ చూసి, ఇంకొంచెం పోసి చూడమన్నాడు. బొమ్మలో నూనెచెంబు ఉంది కాబట్టి చూసిన ప్రతివాడికీ చెయ్యి నూనె డబ్బా మీదికే పోతుంది. నేను హైస్కూల్లో లెక్కలు చెప్తాను. స్టెప్పులు రాయకుండా జవాబు రాసే పిల్లల్ని చూస్తే నాకు ఒళ్ళు మంట. ఆ రోజు రోడ్డు పక్కన నా చుట్టూ ఉన్నవాళ్ళంతా అలాంటి పిల్లలే.

"ప్రెషర్ ఎంత ఉందో కొలవండి," అన్నాను.

"కొలిచేదేంది మేడమ్? లేదని దీపమే చెప్తా ఉండాది గదా."

"దీపం చెప్పేది నిజమో కాదో తెలియాలంటే కొలవాలి కదా?"

అతను నన్ను కాసేపు చూసి, ఎంతో మర్యాదగా, "సార్‌తో ఒక్కసారి మాట్లాడించండి మేడమ్," అన్నాడు.

సార్ అంటే మా ఆయన. కృష్ణపట్నం పోర్టులో ఉద్యోగం, ఆదివారాలు ఇంటికొస్తాడు. బండి కొన్ననాటి నుంచీ నడిపేది, సర్వీసుకిచ్చేది, గాలి పట్టించేది నేను. ఆయనకు లైసెన్సు కూడా లేదు. స్టెప్నీ టైరు ఎక్కడుంటుందో కూడా నన్నే అడుగుతాడు. అయినా ఫోన్ కలిపి ఇచ్చాను. మెకానిక్ దూరంగా పోయి "అవున్సార్, అదే సార్, మీకు తెలవందేముంది సార్," అని చాలాసేపు మాట్లాడాడు. ఆ తర్వాత మా ఆయన నాతో, "ఇంజన్ దించి ఆయిల్ పంపు చూడాలంటున్నాడు. సరే అన్నాను," అన్నాడు.

"ఎందుకన్నారు?"

"మరి ఏమనాలి?"

ఈ ప్రశ్నకు ఇన్నేళ్ళ సంసారంలో నేను ఎన్నడూ జవాబు చెప్పలేకపోయాను. ఇంజన్ దించే ప్రసక్తే లేదని మెకానిక్‌తో గట్టిగా చెప్పి, బండిని ట్రాక్టరుకు కట్టించి ఇంటికి లాగించాను. నాయన ట్రాక్టరు మీద డ్రైవరు పక్కన కూచుని, పెళ్ళి ఊరేగింపులో పెద్దమనిషిలా, దోవలో కనిపించిన వాళ్ళందరినీ పలకరించుకుంటూ వచ్చాడు. ఆ రోజు సూది తప్పినందుకు ఆయన మొహంలో వెలుగు చూస్తే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

ఆస్పత్రికి ఫోన్ చేస్తే వచ్చే గురువారం రమ్మన్నారు. అంతకంటే ఆలస్యం చెయ్యొద్దన్నారు.

ఆత్మకూరులో కార్ల కరెంటు పని చేసే ఎలక్ట్రీషియన్ ఒకాయన దగ్గర ప్రెషర్ కొలిచే గేజి ఉందని బళ్ళో ఎవరో చెప్పారు. బండిని మళ్ళీ ఇంకో బండికి కట్టించి ఆత్మకూరు చేర్చాను. నాయన్ని ఇంట్లో ఒక్కణ్ణే వదలలేక వెంట తీసుకెళ్ళాను. ఆ ఎలక్ట్రీషియన్‌ది పెద్ద గొంతు. పని మొదలుపెట్టక ముందే, "యాడ యాడో తిరిగి ఆఖరికి నా దగ్గరికే వస్తాయి మేడమ్ బండ్లన్నీ," అన్నాడు. తన గురించి తను చెప్పుకోవడంలో ఆయనకు ఏ మొహమాటమూ లేదు. మాట మాత్రం నాతోనే మాట్లాడాడు, సార్‌ను పిలవమనలేదు. అందుకే ఎంత గొప్పలు చెప్పినా విన్నాను.

బానెట్ ఎత్తి ఆయిల్ ఫిల్టర్ పక్కన బొటనవేలంత ముక్కను చూపించాడు. ఇంజన్‌లో ఆయిల్ సరిగ్గా ఒత్తిడితో తిరుగుతోందో లేదో కనిపెట్టి దీపానికి కబురు చెప్పే సెన్సర్ అదే. దాని నెత్తిన వైరుతో ఉన్న ఒక రబ్బరు టోపీ. ఇంజన్ స్టార్ట్ చేసి ఆ టోపీ పీకగానే డ్యాష్‌బోర్డు మీద ఎర్రదీపం ఆరిపోయింది. "చూసినారా? వైరు మంచిదే," అన్నాడు. తర్వాత ఇంజన్ ఆపి, సెన్సర్‌ను విప్పి ఆ బొక్కలో గేజి బిగించి, మళ్ళీ స్టార్ట్ చేశాడు. ముల్లు చక్కగా లేచి నిలబడింది.

"ప్రెషర్ బ్రహ్మాండంగా ఉండాది. ఇంజన్‌కు ఏం రోగం లేదు. ఈ సెన్సరే అబద్ధాలు చెప్తా ఉండాది."

నాకు ఎంత సంతోషమైందంటే ఆయన చేతులు పట్టుకోవాలనిపించింది. ఒకటి తర్వాత ఒకటి, స్టెప్పు తర్వాత స్టెప్పు. ఎదురుగా ఉన్న స్పేర్ పార్టుల షాపులో కొత్త సెన్సర్ కొనుక్కొచ్చాను. బిగించాడు. దీపం ఆరింది.

"ఇంకోటి గుర్తు పెట్టుకోండి మేడమ్. తాళం సగం తిప్పి స్టార్ట్ చెయ్యక ముందు ఈ ఎర్రది ఎలగాల. స్టార్ట్ అయినాక ఆరిపోవాల. ముందు ఎలగకపోయినా తప్పే, తర్వాత ఆరకపోయినా తప్పే."

అప్పటిదాకా బెంచీ మీద కూచున్న నాయన లేచి వచ్చి, "కొత్తది యాడ పెట్టినావబ్బాయా? చూపించు," అన్నాడు. ఎలక్ట్రీషియన్ నవ్వి, ఆయన చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి సెన్సర్ మీద పెట్టాడు. నాయన వేలితో దాన్ని చుట్టూ తడిమి, టోపీని అటూ ఇటూ కదిపి చూసి, తల ఆడించాడు. పెద్దాయనకు బండి మీద ఎంత శ్రద్ధో అనుకున్నాను నేను.

గురువారం తెల్లవారింది. నాయన ఎప్పట్లాగే నాకంటే ముందే లేచి స్నానం చేసి, తెల్ల పంచె కట్టుకుని, బానెట్ మీద పసుపూ కుంకుమా బొట్టు పెట్టి, అగరొత్తి తిప్పి సిద్ధంగా ఉన్నాడు. ప్రతి ప్రయాణానికీ అది మామూలే. నేను సీట్లో కూచుని తాళం తిప్పాను. ఎర్రది వెలిగింది, మంచిదే. స్టార్ట్ చేశాను. ఇంజన్ గుర్రుమంది. ఎర్రది అలాగే ఉంది.

నేను ఉస్సురన్నాను.

"ఎలిగిందా?" అన్నాడు నాయన.

అబద్ధం చెప్పి ఉంటే సరిపోయేది. ఆ తర్వాత ఎన్నిసార్లు అనుకున్నానో. కానీ దీపం వెలుగుతుంటే బండి నడపకూడదని నాకూ భయమే. గేజి చెప్పింది వేరే రోజు మాట, ఈ రోజు నిజంగానే ప్రెషర్ పడిపోయి ఉంటే? దోవలో ఇంజన్ పట్టేస్తే? నేను నోరు తెరిచేలోపే ఆయన డోరు తీసుకుని దిగాడు. అద్దె కారు మాట్లాడతానన్నాను. బతిమిలాడాను. అరిచాను. ఆయన తెల్ల పంచెతోనే మంచమెక్కి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఆ మధ్యాహ్నమే బండిని మళ్ళీ కట్టించుకుని, నాయన్ని వెంటబెట్టుకుని ఆత్మకూరు పోయి, స్పేర్ పార్టుల షాపాయన మీద నా కోపమంతా వెళ్ళగక్కాను. డూప్లికేట్ సరుకు అంటగట్టావన్నాను. ఆయన పెట్టె తీసి ముద్ర చూపించి, దేవుళ్ళ మీద ఒట్లు పెట్టి, చివరకు గొడవ వద్దని ఇంకో సెన్సర్ ఇచ్చాడు. గొప్పల ఎలక్ట్రీషియన్ కూడా ఈసారి తొందరలో ఉన్నాడు. షాపు ముందు బండ్లు బారుగా నిలబడి ఉన్నాయి. పాతదాన్ని పీకి, వైరు టోపీని గుడ్డతో ఒక్కసారి తుడిచి, "సరుకు మంచిది కాదు," అని తేల్చి కొత్తది బిగించేశాడు. దీపం ఆరింది. నాయన మళ్ళీ వచ్చి చెయ్యి పెట్టించుకుని తడిమాడు.

ఇంకో గురువారం వచ్చింది. స్నానం, పంచె, బొట్టు, అగరొత్తి. తాళం. స్టార్ట్. ఎర్ర కొమ్ముచెంబు, కొమ్ములోంచి చుక్క.

"ఏంది పాపా, మళ్ళీనా?"

ఇంక నా వల్ల కాలేదు. స్టీరింగ్ మీద తల పెట్టుకుంటే హారన్ మోగింది, పక్కింటివాళ్ళు బయటికొచ్చారు. ఊళ్ళో అందరి కార్లూ బాగానే తిరుగుతున్నాయి. వింజమూరు సంతకు పొట్టేళ్ళను తోలుకుపోయే డొక్కు వ్యాన్లు కూడా తిరుగుతున్నాయి. నా ఒక్కదాని బండికే, అదీ గురువారమే, అదీ పొద్దున్నే ఏమొస్తోంది? బుధవారం సాయంత్రం బడి నుంచి ఇంటికొచ్చినప్పుడు దీపం లేదు. రాత్రంతా బండి వాకిట్లోనే ఉంది. అప్పుడు నాకు అనుమానం వచ్చింది. చెప్పుకోడానికి సిగ్గుపడే అనుమానం.

"నాయనా, నిజం చెప్పు. నువ్వేమన్నా చేస్తున్నావా బండిని?"

"ఏం చేస్తా?"

"సూది తప్పించుకోడానికి."

ఆయన డోరు తీసుకుని ఒక కాలు కింద పెట్టాడు. తర్వాత, "నా కన్ను నేనెందుకు పోగొట్టుకుంటా పాపా?" అన్నాడు. గొంతులో కోపం లేదు. అద్దె కారులో పోదామన్నా కదల్లేదు. ఆ రోజు అన్నం కూడా తినలేదు. పెరుగన్నం కలిపి పెడితే కంచం ముందు కూచుని మెతుకులు కెలికి లేచిపోయాడు. నాకు ఏడుపొచ్చింది, కానీ అనుమానం పోలేదు.

ఆత్మకూరులో ఎలక్ట్రీషియన్‌తో ఈసారి కచ్చితంగా చెప్పాను. "సెన్సర్ మార్చొద్దు. పాతదెందుకు పోయింది, కొత్తదెందుకు పోయింది, అది చెప్పండి. చెప్పేదాకా నేనిక్కణ్ణుంచి కదలను." స్టూలు లాక్కుని షాపు మధ్యలో కూచున్నాను. ఆయన గొణుక్కుంటూ రబ్బరు టోపీ పీకాడు. లోపలికి చూశాడు. టార్చి వేసి చూశాడు. స్క్రూడ్రైవర్ మొనతో ఏదో గీకి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

"మేడమ్," అన్నాడు, మొదటిసారి గొంతు తగ్గించి. "పసుపు."

"ఏంటి?"

"పసుపు మేడమ్. కుంకుమ కూడా ఉండాది."

నిజమే. సెన్సర్ నెత్తిన నిలబడి ఉండే సన్నటి పుల్ల చుట్టూ, ఇనుపగోడకూ పుల్లకూ మధ్య, తడి పసుపు ముద్ద. టోపీ లోపల కూడా. నీళ్ళతో కలిపిన పసుపు కాబట్టి కరెంటు దాని గుండా ఇనుముకు పారుతోంది. అంతే, ప్రెషర్ ఎంత ఉన్నా దీపానికి లేదనే కబురే పోతుంది. పోయినసారి గుడ్డకు అంటింది ఇదేనని, చూసి గ్రీజు అనుకున్నానని ఎలక్ట్రీషియన్ ఒప్పుకున్నాడు. ఆ మరుక్షణం గొంతు మళ్ళీ పెరిగింది. పక్క షాపులవాళ్ళను పిలిచి చూపించి మరీ నవ్వాడు. స్పేర్ పార్టుల షాపాయన అందరికంటే ఎక్కువ నవ్వాడు. ఆయనకు నవ్వే హక్కుంది.

మురికి వదిలించే మందు కొట్టి శుభ్రంగా తుడిచి, ఆరబెట్టి, అదే సెన్సర్‌ను అలాగే ఉంచి టోపీ పెట్టాడు. దీపం ఆరింది. ఆత్మకూరు నుంచి ఉదయగిరి దాకా బండిని ఎలా నడిపానో నాకు తెలియదు. దోవంతా నాయన్ని మనసులో తిడుతూనే ఉన్నాను. ఆ రోజు ఆయన్ని పక్కింట్లో వదిలి వెళ్ళాను. అందుకు బతికిపోయాడు.

నేను వచ్చేసరికి పక్కింటి నుంచి వచ్చేసి మా వాకిట్లో మంచం మీద కూచుని ఉన్నాడు. బండి ఆపి, డోరు కూడా వెయ్యకుండా వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను.

"ఇంజన్‌లో పసుపెందుకు పెట్టావు?"

దాచాలని కూడా చూడలేదు. అడగాల్సిన మాటే కాదన్నట్టు చూశాడు.

"కొత్తది గదా పాపా. సంతలో కొన్న జీవాన్ని మందలోకి తోలే ముందు పసుపూ కుంకుమా పెట్టమా? పెట్టకపోతే పాతవన్నీ చేరి దాన్ని కుమ్మి తరిమేస్తాయి. నువ్వు కొత్త ముక్కను తెచ్చి పాతవాటి మధ్య పెట్టిస్తివి. అది వాటితో కలవాలా వద్దా?"

"బానెట్ మీద పెడుతున్నావు కదా ప్రతిసారీ!"

"అది బండికి. ఇది దానికి."

"పెడితే పైన పెట్టొచ్చు కదా? ఆ టోపీ పీకి లోపల ముద్ద పెట్టడమెందుకు?"

"బొట్టు ఒంటికి పెడతారు గానీ గుడ్డకి పెడతారా ఎవరైనా?"

నలభైమంది పిల్లల్ని ఒక్క చూపుతో కూర్చోబెట్టేదాన్ని, ఆ మంచం ముందు అలా నిలబడిపోయాను. ఆయన పంచె చెంగుతో ముక్కు తుడుచుకుని, "బండి బాగుపడాలనే పెట్టినా. దాని ఎంట నువ్వు పడే తిప్పలు నేను ఇనలేదా? అది కలిసిపోతే నీకు తిరుగుడు తప్పుతాదని," అన్నాడు.

కోపం సగం దిగిపోయింది. మిగతా సగాన్ని పట్టుకుని, "నా తాళం తీసుకుని బానెట్ ఎత్తావు సరే, తెల్లారకముందు ఆ చీకట్లో నీకు ఆ టోపీ ఎట్లా కనిపించింది?" అన్నాను.

"కనిపించేదేంది? తడిమి పెట్టినా. చేతికి తెలుస్తాది లే."

ఆ మాట అప్పుడు నాకు ఎక్కలేదు. పసుపు భరిణె, కుంకుమ భరిణె రెండూ తీసుకెళ్ళి నా బీరువాలో పెట్టి తాళం వేశాను. ఇంక సెన్సర్ జోలికి పోనని ఆయన చేత అమ్మ మీద ఒట్టు వేయించుకున్నాను. బానెట్ మీద బొట్టు మాత్రం నేనే పెట్టిస్తానని మాటిచ్చాను. బేరం కుదిరింది.

గురువారం పొద్దున నాకు మెలకువ వచ్చేసరికి ఆయన తయారై కూచున్నాడు. బీరువా తెరిచి పసుపు కలిపిచ్చాను. ఆయన వేలు ముంచి బానెట్ మీద పెట్టాడు, నేను దగ్గరే నిలబడి కాపలా కాశాను. బానెట్ ఎత్తకుండా సీట్లో కూచోబెట్టి బెల్టు పెట్టాను. తెల్లగా తెల్లారింది. వాకిట్లో పాలపాకెట్ మీద అక్షరాలు కనిపించేంత వెలుతురు.

తాళం సగం తిప్పాను. ఇంజన్ ఇంకా స్టార్ట్ చెయ్యలేదు. డ్యాష్‌బోర్డు మీద దీపాలన్నీ ఒక్కసారి వెలిగాయి. ఎలక్ట్రీషియన్ చెప్పినట్టు ఎర్ర కొమ్ముచెంబు కూడా వెలిగింది. వెలగాలి, వెలిగితేనే వైరు బాగున్నట్టు. దాన్నే చూస్తూ, ఇంజన్ లేచాక ఆరిపోవాలని మొక్కుకుంటూ ఒక క్షణం అలా ఉన్నాను.

నాయన కూడా ముందుకు వంగాడు. మొదటి రోజు లాగే మెడ సాచి, మొహం స్టీరింగ్ దాకా తెచ్చి, డ్యాష్‌బోర్డును సూటిగా చూశాడు. జేనెడు దూరం కూడా లేదు. ఎర్రటి వెలుగు ఆయన చెంప మీద పడుతోంది.

"ఎర్రది లేదు గదా," అన్నాడు సంతోషంగా. "ఆరిపోయింది. పా పాపా, పోదాం."

నా చెయ్యి తాళం మీదే ఉండిపోయింది. ఆ దీపాన్ని నాకంటే ముందు చూసిన మనిషి. పక్క సీట్లోంచి కొమ్మునూ చుక్కనూ గుర్తుపట్టిన కన్ను. మధ్యలో నూనె, పంపు, డూప్లికేట్, పసుపు అంటూ నేను రోడ్లు పట్టుకు తిరిగాను. ఆ దీపం ఆరిందా లేదా అన్నదొక్కటే చూశాను. అది వెలుగుతోందని ఇప్పుడు ఆయనకు తెలియడం లేదు.

"ఏంది ఆలోచన? ఎలిగిందా ఏంది మళ్ళా?" అన్నాడు, భయంగా.

తాళం పూర్తిగా తిప్పాను. ఇంజన్ లేచింది. ఎర్రది ఒక్కసారి మినుక్కుమని ఆరిపోయింది.

"లేదు నాయనా. ఆరింది."

"నేనప్పుడే చెప్పలా?" అని సీటుకు చేరగిలబడ్డాడు.

ఆయన చెయ్యి వెతుక్కుంటూ వచ్చి గేరు మీదున్న నా ముంజేతిని పట్టుకుంది. సూది దగ్గర పట్టుకున్నట్టే, గట్టిగా. వదిలించుకోకుండా అలాగే గేరు వేశాను. ఎప్పుడూ ఆత్మకూరులో టీకి ఆగుతాం. ఆ రోజు ఆగలేదు.